పండ్ల చెట్టుకు హెవీ మెటల్స్ దెబ్బ: వేరు దగ్గరే పట్టుకోవడం, పండు దాకా పోకుండా ఆపడం

లేత ఆకులు పసుపు తిరుగుతాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉంటాయి. చూడగానే ఐరన్ లోపం అనుకుని ఐరన్ కొడతాం. పది రోజులు బాగానే ఉంటుంది, ఆ తర్వాత వచ్చిన చిగురు మళ్ళీ పసుపే. ఈసారి జింక్ ఇస్తాం, ఆపైన అన్నీ కలిపిన సూక్ష్మపోషకాల ప్యాకెట్ ఒకటి ఇస్తాం, చెట్టు మాత్రం ఎక్కడ ఉన్నది అక్కడే, కొమ్మ సాగదు, కాయ ఊరదు. ఇలా మూడు నాలుగు సార్లు అయిందంటే ఎరువుల సంగతి కాసేపు పక్కన పెట్టి, మట్టిలో రాగి, జింక్, కాడ్మియం, సీసం, ఆర్సెనిక్ లాంటివి పేరుకున్నాయేమో చూడాల్సిందే. ఎందుకంటే అప్పటికే రాగి గానీ జింక్ గానీ ఎక్కువైన నేలలో మనం మందు అనుకుని వేసే ప్రతి ప్యాకెట్టూ ఆ బరువును ఇంకాస్త పెంచుతుంది.

ఒక్క మాట ముందే చెప్పేస్తాను, మిగతాదంతా దాని చుట్టూ తిరుగుతుంది. లోహాల దెబ్బ మొదట తగిలేది వేరుకి, ఆకు మీద కనిపించేది చాలా ఆలస్యంగా. ఆకుని చూసి వైద్యం మొదలుపెట్టేవాళ్ళు ఎప్పుడూ ఒక అడుగు వెనకే ఉంటారు.

ముందు చెట్టు లోపల ఏం జరుగుతుందో తెలుసుకోండి

ఇది చదవకుండా నేరుగా సున్నం, కంపోస్టు దగ్గరికి దూకకండి, ఏ మెటల్‌కి ఏం చేయాలో ఇక్కడే తేలుతుంది.

మొక్కకి రాగి, జింక్, మాంగనీస్, నికెల్ కొద్దికొద్దిగా కావాలి, ఎక్కువైతేనే విషం. కాడ్మియం, సీసం, ఆర్సెనిక్, పాదరసం ఏ కొంచెమూ అక్కర్లేదు. మరి అక్కర్లేనివి లోపలికి ఎలా వస్తాయంటే, వేరులో వాటి కోసం ప్రత్యేకంగా ద్వారం అంటూ ఏదీ లేదు, వేరే వాటి ద్వారంలో దూరిపోతాయి. కాడ్మియం ఐరన్, జింక్, మాంగనీస్ లోపలికి వెళ్ళే దారిలో వెళుతుంది. గాలి ఆడే నేలలో ఆర్సెనిక్ ఆర్సెనేట్ రూపంలో ఉంటుంది, అది చూడటానికి ఫాస్ఫేట్ లాగే ఉంటుంది కాబట్టి ఫాస్ఫేట్ దారిలో వెళుతుంది. నీళ్ళు నిలిచి గాలి ఆడకపోతే అదే ఆర్సెనైట్‌గా మారి సిలికాన్ వెళ్ళే దారి పట్టుకుంటుంది. ఇక్కడ ఒక సంగతి బాగా గుర్తుపెట్టుకోవాలి: ఐరన్ గానీ జింక్ గానీ తక్కువైన మొక్క వాటి కోసం ద్వారాలు ఇంకా ఎక్కువ తెరుస్తుంది, ఆ తెరిచిన ద్వారాల్లోంచి కాడ్మియం కూడా ఎక్కువ వచ్చేస్తుంది. ఆకలితో ఉన్న మొక్కే ఎక్కువ విషం తాగుతుందన్నమాట.

లోపలికి వచ్చాక మొక్క ఊరికే కూర్చోదు. మొదటి కాపలా వేరు కణాల గోడ. అందులోని పెక్టిన్ అనే జిగురు పదార్థం లోహాలను, ముఖ్యంగా సీసాన్ని, రాగిని అక్కడికక్కడే పట్టి ఉంచుతుంది. దాన్ని దాటినవాటికి వేరు మధ్యలో కాస్పేరియన్ పట్టీ అనే అడ్డుగోడ ఉంటుంది, కణాల సందుల్లోంచి నీళ్ళతో పాటు జారిపోయేవాటిని అది ఆపుతుంది. కణం లోపలికే వచ్చేసిన కాడ్మియం, ఆర్సెనిక్ లాంటివాటి కోసం మొక్క సల్ఫర్ ఉన్న గ్లూటాథయోన్ అనే పదార్థంతో ఫైటోకెలాటిన్లు అనే చిన్న గొలుసులు అల్లుతుంది (వీటిని 1985లో కనిపెట్టారు), అవి లోహాన్ని చుట్టి పట్టుకుంటాయి, ఆ మూటను కణంలోని వాక్యూల్ అనే సంచిలో వేసి తాళం పెట్టేస్తుంది. ఈ గొలుసుల్లో ముఖ్యమైనది సల్ఫర్. సల్ఫర్ లేని నేలలో మొక్క చేతిలో ఆయుధం లేనట్టే.

ఇదంతా ఉచితంగా జరగదు. గొలుసులు అల్లడానికి, ద్వారాలు మూయడానికి, పాడైన పొరలను బాగుచేసుకోవడానికి మొక్క ఆకులో చేసుకున్న చక్కెరే ఖర్చవుతుంది, అందుకే ఏ మచ్చా కనిపించకముందే పెరుగుదల తగ్గిపోతుంది. కాపలా దాటి పైకి వచ్చిన లోహం ఆకులో పత్రహరితం తయారీని అడ్డుకుంటుంది, ఆకు రంధ్రాలు మూసుకుంటాయి, కణాల్లో హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటి కాల్చే ఆక్సిజన్ రూపాలు పెరుగుతాయి. వాటిని చల్లార్చడానికి మొక్క కాటలేజ్, పెరాక్సిడేజ్ లాంటి ఎంజైములను, విటమిన్ సీని, ప్రోలిన్ అనే అమైనో ఆమ్లాన్ని వాడుకుంటుంది. ఈ పనిలో ఓడిపోయిన చోట ఆకు అంచులు మాడతాయి.

పండు సంగతి కొంత ధైర్యం ఇచ్చేది. సాధారణంగా లోహం ఎక్కువగా ఉండేది వేరులో, తర్వాత కాండంలో, ఆకులో, అన్నిటికంటే తక్కువ పండులో. పండుకి ఆహారం ఎక్కువగా ఆకుల నుంచి వచ్చే ఫ్లోయం దారిలో వస్తుంది, సీసం ఆ దారిలో దాదాపు కదలదు. కాడ్మియం కొంత కదులుతుంది, అందుకే కోకో గింజల్లో అది సమస్య అయ్యి యూరోపియన్ యూనియన్ 2019 నుంచి చాక్లెట్‌లో కాడ్మియానికి హద్దులు పెట్టింది.

1. నేల గతం తవ్వండి

పార పట్టుకునే ముందు అడగాల్సింది: ఈ నేల మీద ఇంతకుముందు ఏం పండించారు, ఏం కొట్టారు, పక్కన ఏముంది?

అన్నిటికంటే ఎక్కువగా కనబడేది రాగి. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), సున్నం కలిపి చేసే బోర్డో మిశ్రమం అనే తెగులు మందు 1880లలో ఫ్రాన్స్ ద్రాక్షతోటల్లో మొదలైంది, ఇప్పటికీ ద్రాక్ష, నిమ్మజాతి తోటల్లో వాడుతూనే ఉన్నాం. చిన్న లెక్క చూడండి. 1 శాతం బోర్డోలో 100 లీటర్లకు 1 కిలో మైలుతుత్తం, అందులో రాగి పావు వంతు, అంటే 250 గ్రాములు. హెక్టారుకి 1000 లీటర్లు కొడితే 2.5 కిలోల రాగి. ఏడాదికి 4 సార్లు కొడితే 10 కిలోలు. పై 15 సెంటీమీటర్ల మట్టి హెక్టారుకి దాదాపు 20 లక్షల కిలోలు ఉంటుంది కాబట్టి ఏడాదికి కిలో మట్టికి 5 మిల్లీగ్రాములు, 20 ఏళ్ళకి 100 మిల్లీగ్రాములు. రాగి కుళ్ళిపోయేది కాదు, కిందికి ఇంకిపోయేది కూడా చాలా తక్కువ. యూరోపియన్ యూనియన్ 2019 నుంచి హెక్టారుకి 7 ఏళ్ళలో 28 కిలోల రాగి మించకూడదని ఎందుకు కట్టడి చేసిందో ఈ లెక్కతోనే అర్థమవుతుంది.

పాత యాపిల్ తోటలైతే లెడ్ ఆర్సెనేట్ గురించి అడగండి. 1890ల నుంచి 1940ల చివర్లో డీడీటీ వచ్చేదాకా కాయతొలుచు పురుగుకి అదే మందు, అమెరికాలో 1988లో పూర్తిగా నిషేధించారు. ఆ తోటల పై మట్టిలో సీసం, ఆర్సెనిక్ ఇప్పటికీ ఉన్నాయి. ముదురు చెట్లు లోతు వేర్లతో నెట్టుకొస్తాయి, వాటిని తీసేసి అదే గుంటలో పెట్టిన లేత మొక్కలు మాత్రం తేరుకోలేవు. పీచ్, ఆప్రికాట్ అయితే మరీ సున్నితం.

మిగతావి త్వరగా: ఫాస్ఫేట్ ఎరువుల్లో రాయితో పాటు వచ్చే కాడ్మియం, మురుగునీటి బురద, ఊరి చెత్తతో చేసిన కంపోస్టు, దాణాలో రాగి, జింక్ కలిపి పెంచిన కోళ్ళ, పందుల పెంట, పాత ఇళ్ళ గోడల సీసం పెయింటు, సీసం కలిపిన పెట్రోలు రోజుల నాటి రోడ్డు పక్క మట్టి, గనుల, తోలు పరిశ్రమల నీళ్ళు. పెరట్లో అయితే ఇంకో రెండు చూడండి, క్రోమియం, రాగి, ఆర్సెనిక్ పట్టించిన పాత చెక్కలతో కట్టిన మడులు, జింక్ పూత రేకుల మీంచి వాన నీళ్ళు పాదులో పడటం.

2. వేరు తవ్వి చూడండి

దీనికి డబ్బు అక్కర్లేదు, అయినా ఎవరూ చేయరు. చెట్టు కొమ్మల నీడ అంచు దగ్గర జానెడు లోతు తవ్వండి. పీచు వేర్లున్న మట్టిగడ్డను తెంపకుండా ఎత్తి బకెట్ నీళ్ళలో ఓ పది నిమిషాలు నాననివ్వండి, మట్టి దానంతట అదే జారిపోతుంది. చేత్తో పీకి దులిపితే చూడాల్సిన సన్నటి వేర్లే తెగిపోతాయి. నాన్చిన వేరును తెల్ల కాగితం మీద పరచండి.

ఆరోగ్యంగా ఉన్న వేరుకి సన్నటి కొసలు బోలెడు ఉంటాయి, వాటి చివర తెల్లగా గానీ లేత గోధుమ రంగులో గానీ మెరుస్తుంది. రాగి ఎక్కువైన వేరు అలా ఉండదు. పొట్టిగా, లావుగా, ముదురు గోధుమ నుంచి నలుపు రంగులో, పక్క వేర్లు మొలిచీ మొలవనట్టు ముడుచుకుని, ముళ్ళకంచె తీగలా కనిపిస్తుంది. నలిపి చూస్తే గట్టిగానే ఉంటుంది. వేరుకుళ్ళు అయితే పై తొక్క మెత్తగా ఊడి లోపలి దారం మిగులుతుంది, వాసన కూడా వస్తుంది. ఈ రెండిటినీ కలిపేసుకుని, కుళ్ళు అనుకుని పాదులో మళ్ళీ రాగి మందే పోసేవాళ్ళను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇంకో గుంట 30 సెంటీమీటర్ల కింద దాకా తవ్వండి. పైన వేర్లు నల్లబడి కింద బాగుంటే లోహం పై పొరలో పేరుకుందని బలమైన అనుమానం.

3. ఇప్పుడు ఆకు దగ్గరికి రండి

లేత ఆకుల్లో ఈనెల మధ్య పసుపు అంటే రాగి, జింక్, నికెల్, కాడ్మియం ఏది ఎక్కువైనా రావచ్చు, అవన్నీ ఐరన్‌కి అడ్డుపడతాయి. సున్నపు నేలలో మామూలు ఐరన్ లోపం కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. తేడా తెలిసేది పీహెచ్ (మట్టి ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే అంకె, 7 అంటే తటస్థం) దగ్గర: పీహెచ్ 8 ఉంటే సున్నపు నేల సమస్య అయ్యే అవకాశం ఎక్కువ, పీహెచ్ 5 ఉన్న నేలలో కూడా ఐరన్ లోపం కనిపిస్తుందంటే ఏదో అడ్డుపడుతున్నట్టే.

యాపిల్‌లో, ముఖ్యంగా రెడ్ డెలీషియస్ రకంలో, ఆమ్ల నేలలో మాంగనీస్ ఎక్కువైతే గుర్తు ఆకు మీద కంటే బెరడు మీద బాగా తెలుస్తుంది. లేత కొమ్మల మీద తట్టు పోసినట్టు పొక్కులు లేస్తాయి, గోటితో పైపొర గీకితే కింద గోధుమ, నలుపు మచ్చలు. పీకాన్ చెట్టులో ఇంకో వింత: ఏళ్ళ తరబడి జింక్ వేసిన తోటల్లో ఆకు కొస మొండిగా గుండ్రమై ఎలుక చెవిలా తయారవుతుంది. అది జింక్ విషం అనిపించదు, నిజానికి పేరుకున్న జింక్ నికెల్‌ని వేరులోకి రానివ్వక వచ్చిన నికెల్ లోపం.

సీసానికి ప్రత్యేకమైన ఆకు గుర్తు అంటూ నమ్మదగ్గది లేదు, చెట్టు పచ్చగా ఉంది కాబట్టి మట్టిలో సీసం లేదనుకోవద్దు.

4. ఇంటి దగ్గర చేసుకునే రెండు పరీక్షలు

మొదటిది బ్రష్ పరీక్ష. లీటరు నీటిలో 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) కలిపి, పసుపు తిరిగిన ఒక లేత ఆకులో సగం మీద మాత్రమే, ఈనెకి ఒక పక్క, సాయంత్రం పూట పూయండి. వారం పది రోజుల్లో పూసిన సగం పచ్చబడితే ఆకులో ఐరన్ తక్కువని తేలినట్టే. ఎందుకు తక్కువ అన్నది ఇది చెప్పదు, అది మట్టి చెప్పాలి.

రెండోది కుండీ పరీక్ష. మూడు కుండీలు తీసుకోండి. ఒకదాంట్లో అనుమానం ఉన్న మట్టి, రెండోదాంట్లో అదే మట్టికి నాలుగో వంతు మంచి కంపోస్టు, మట్టి ఆమ్లంగా ఉంటే కొంచెం వ్యవసాయ సున్నం కూడా, మూడోదాంట్లో ఏ అనుమానం లేని చోటి మట్టి. మూడింట్లో ముల్లంగి గానీ చిక్కుడు గానీ పది గింజలు వేసి, నీళ్ళు, ఎండ ఒకేలా ఇవ్వండి. మూడు వారాలకు కడిగి వేర్లు కొలవండి. మొదటి కుండీలో వేరు కురచగా ఉండి రెండోదాంట్లో సాగితే, ఆ మట్టిలో పెట్టే లేత మొక్కకి ఏం కావాలో మీకు సగం తెలిసిపోయింది. వేర్లు మూడింట్లో ఒకేలా ఉన్నా ల్యాబ్ పరీక్ష మానకండి, సీసం మొక్కని పెద్దగా ఇబ్బంది పెట్టకుండానే మనిషికి హాని చేసే స్థాయిలో ఉండొచ్చు. ఈ ముల్లంగిని తినొద్దు.

5. ల్యాబ్‌కి పంపడం

తప్పు ఎక్కువగా జరిగేది మట్టి తీయడంలో. చెట్ల కింద జిగ్‌జాగ్‌గా 15 నుంచి 20 చోట్ల తీయండి, 0–15, 15–30, 30–60 సెంటీమీటర్ల పొరలు వేరువేరుగా ఉంచండి. ఇత్తడి పనిముట్లు, జింక్ పూత బకెట్లు వద్దు, స్టెయిన్‌లెస్ స్టీలు గానీ ప్లాస్టిక్ గానీ వాడండి. ఒక్కో పొరని బాగా కలిపి, నీడలో ఆరబెట్టి, అరకిలో చొప్పున పంపండి.

రెండు లెక్కలు అడగండి: మొత్తం ఎంత ఉంది, మొక్కకి అందేది ఎంత ఉంది. రెండోదాన్ని చాలా ల్యాబుల్లో డీటీపీఏ అనే, లోహాలను పట్టుకునే రసాయనంతో మట్టిలోంచి లాగి తీస్తారు. వీటితో పాటు పీహెచ్, ఆర్గానిక్ కార్బన్, ఉప్పుదనం కూడా కావాలి, అవి లేకుండా లోహం అంకె ఒక్కటే చూసి ఏ నిర్ణయమూ తీసుకోలేం. మామూలు నేలల్లో మొత్తం రాగి కిలోకి 5 నుంచి 30 మిల్లీగ్రాముల చుట్టూ ఉంటుంది. అదే 100 దాటితే ఆమ్ల ఇసుక నేలలో లేత నిమ్మజాతి మొక్కకి ప్రమాదం, జీవపదార్థం బాగా ఉన్న తటస్థ బంకనేలలో అదే 100 దగ్గర చెట్టు హాయిగా ఉండొచ్చు.

ఆకు పరీక్షకి కొత్తగా ముదిరిన ఆకులు తీసి, పలచటి సబ్బు నీళ్ళతో ఒకసారి, మంచినీళ్ళతో రెండుసార్లు, చివర డిస్టిల్డ్ వాటర్‌తో కడగండి. ఎండబెట్టిన ఆకులో రాగి సాధారణంగా కిలోకి 5 నుంచి 20 మిల్లీగ్రాములు. రాగి మందు కొట్టిన తోటలో ఎంత కడిగినా కొంత అంటుకునే ఉంటుంది, అంకె 80 వచ్చిందని బెంబేలెత్తకండి, వేర్లతో, మట్టి అంకెలతో పోల్చి చూడండి.

6. ముందు పీహెచ్, తర్వాతే మిగతావి

రాగి, జింక్, కాడ్మియం, నికెల్, సీసం, మాంగనీస్, ఇవన్నీ ఆమ్ల నేలలో కరిగి వేరుకి అందుతాయి. పీహెచ్ 6.5 దగ్గరికి తెస్తే చాలావరకు మట్టికి అతుక్కుపోతాయి. కాబట్టి ఆమ్ల నేల అయితే మొదటి మందు సున్నమే. ఎంత వేయాలన్నది ల్యాబ్‌ని అడగండి, ఇసుకకి తక్కువ, బంకమట్టికి ఎక్కువ పడుతుంది. ఒకేసారి గుమ్మరించి 7.5 దాటిస్తే నిజమైన ఐరన్, జింక్ లోపాలు కొని తెచ్చుకున్నట్టు. చెట్లున్న తోటలో పైన చల్లిన సున్నం కిందికి దిగడానికి ఏడాది పైనే పడుతుంది, అందుకే కొత్తగా నాటేవాళ్ళు నాటకముందే మట్టిలో కలిపేయాలి. అమ్మోనియం సల్ఫేట్ లాంటి ఆమ్లం పెంచే ఎరువులు ఈలోపు తగ్గించండి.

ఆర్సెనిక్ మాత్రం ఎదురు దారి. పీహెచ్ బాగా పెంచితే అది వదులవుతుంది, ఫాస్ఫేట్ ఎక్కువ వేస్తే మట్టిలోంచి తోసుకుని బయటికి వస్తుంది. పాత లెడ్ ఆర్సెనేట్ తోటల చిక్కు అంతా ఇక్కడే ఉంది: సీసాన్ని కట్టేయడానికి ఫాస్ఫేట్ మంచిది, అదే ఫాస్ఫేట్ ఆర్సెనిక్‌ని విప్పుతుంది. నా అభిప్రాయంలో అలాంటి నేలలో ఫాస్ఫేట్ జోలికి పోకుండా, పీహెచ్‌ని 6.5 దగ్గర ఆపి, కంపోస్టుతో సీసాన్ని, ఐరన్ ఆక్సైడ్ ఉన్న పదార్థాలతో ఆర్సెనిక్‌ని పట్టించడమే సురక్షితం. అన్నభేది వేస్తే ఆమ్లం పెరుగుతుంది కాబట్టి సున్నంతో కలిపే వేయాలి. నీళ్ళు నిలవకుండా కాలువలు తీయడం కూడా ఆర్సెనిక్‌కి మందే.

7. ఏ లోహానికి ఏం చేయాలి

రాగికి: మందు కొట్టడం తగ్గించడమే అసలు వైద్యం. రోగం వచ్చే వాతావరణం చూసి కొట్టండి, క్యాలెండరు చూసి కాదు. బాగా చివికిన కంపోస్టు పాదులో ఏటా వేయండి, రాగి జీవపదార్థానికి గట్టిగా అంటుకుంటుంది. ఐరన్ ఆకుల మీద ఇవ్వండి. ఈడీటీఏ (లోహాలను పట్టి కరిగి ఉండేలా చేసే రసాయనం) కలిపిన ఐరన్‌ని ఇలాంటి మట్టిలో పోయకండి, ఆ ఈడీటీఏ ఐరన్‌ని వదిలి రాగినీ సీసాన్నీ పట్టుకుని వేరు దగ్గరికి మోసుకొస్తుంది.

కాడ్మియంకి: జింక్ లోపం ఉంటే ముందు అది సరిచేయండి, ద్వారం దగ్గర జింక్ ఉంటే కాడ్మియంకి చోటు తగ్గుతుంది. క్లోరైడ్ కాడ్మియంని కరిగించి కదిలిస్తుంది కాబట్టి ఉప్పు నీళ్ళు తగ్గించండి, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ (పొటాషియం క్లోరైడ్) బదులు సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వాడండి, దాంతో ఇందాక చెప్పిన సల్ఫర్ కూడా అందుతుంది. ఫాస్ఫేట్ ఎరువు మట్టి పరీక్షలో అవసరమని వస్తేనే వేయండి.

క్రోమియంలో విషం ఎక్కువ ఉన్నది క్రోమియం-6 రూపం, జీవపదార్థం దాన్ని పెద్దగా కదలని క్రోమియం-3 రూపంలోకి మారుస్తుంది. జింక్, నికెల్, మాంగనీస్‌కి సున్నం, నీళ్ళు నిలవకుండా పోయే దారి చాలావరకు సరిపోతాయి.

బయోచార్ (మట్టిలో వేసే బొగ్గు) కూడా పనికొస్తుంది, కానీ దేనితో చేశారో తెలియకుండా కొనొద్దు, రంగు చెక్కలు కాల్చిన బొగ్గులో లోహాలే ఉంటాయి. వేర్లతో కలిసి బతికే మైకోరైజా శిలీంధ్రం లోహాన్ని చాలాసార్లు తన దారాల్లోనే పట్టి ఉంచుతుంది, ఫాస్ఫేట్ ఎక్కువ వేస్తే మాత్రం అది వేరులో నిలవదు. మొక్కలతో లోహాన్ని పీల్చి తీసేయడం గురించి చాలామంది అడుగుతారు. టెరిస్ విట్టాటా అనే ఫెర్న్ ఆర్సెనిక్‌ని విపరీతంగా పోగుచేసుకుంటుందని 2001లో తేలిన మాట నిజమే, కానీ అది ఏళ్ళ తరబడి పని, కోసిన ఆకుల్ని కంపోస్టులో వేయకుండా విషవ్యర్థంగా పారేయాలి. కాసే తోటలో నేను దాని మీద ఆధారపడను.

8. పండు తినడానికి పనికొస్తుందా?

అంతర్జాతీయ ఆహార ప్రమాణాలైన కోడెక్స్ ప్రకారం చాలా పండ్లలో సీసం కిలోకి 0.1 మిల్లీగ్రాము దాటకూడదు. అనుమానం ఉంటే పండునే పరీక్షకి పంపండి, కడిగినవి కొన్ని, కడగనివి కొన్ని. రెండిటి మధ్య తేడా ఎక్కువ ఉంటే సమస్య పండు లోపల కాదు, పైన పడిన దుమ్ములో ఉంది. అలాంటప్పుడు చెట్టు కింద గడ్డి గానీ ఎండాకులు గానీ మందంగా కప్పితే మట్టి ఎగరదు, చిమ్మదు. ఓ మోస్తరుగా సీసం ఉన్న పెరట్లో ఆకుకూరలు, దుంపలు, నేలకి ఆనుకుని కాసే స్ట్రాబెర్రీ కంటే ఎత్తున కాసే చెట్టు పండే నయం. పండు కంటే చేతులకి అంటిన మట్టి ప్రమాదం, పిల్లలు అక్కడ ఆడితే మరీను. తవ్వేటప్పుడు మట్టి తడిపి తవ్వండి, పని అయ్యాక చేతులు కడుక్కోండి, ఆ చెప్పులతో ఇంట్లోకి రావద్దు.

9. కొత్తగా నాటేటప్పుడు, ఆ తర్వాత

అంటు మొక్క అయితే లోహం ఎంత పైకి వెళ్ళాలో చాలావరకు తేల్చేది వేరుమూలం, అంటే అంటు కట్టిన కింది మొక్క. నిమ్మజాతిలో, ద్రాక్షలో వేరుమూలాల మధ్య ఈ తేడా బాగా ఉంటుంది కాబట్టి, మొత్తం తోట ఒకేదానితో వేయకుండా రెండు మూడు రకాలు పది పది మొక్కలు పెట్టి ఒక ఏడాది చూసి, ఆకు పరీక్ష చేయించి, అప్పుడు విస్తరించండి. గుంట పెద్దగా తీసి పై మట్టి బదులు మంచి మట్టి, కంపోస్టు నింపితే లేత మొక్కకి మొదటి రెండేళ్ళు ఊపిరి దొరుకుతుంది.

సున్నం, కంపోస్టు వేసిన ఆరు నెలలకి, వర్షాలు పడి వేర్లు కదిలే కాలంలో, మొదటిసారి తవ్విన గుంట పక్కనే ఇంకో గుంట తవ్వండి. మళ్ళీ అలాగే బకెట్లో నాననిచ్చి తెల్ల కాగితం మీద పరవండి. పాత నల్ల వేర్లు నల్లగానే ఉంటాయి, అవి మారవు. చూడాల్సింది వాటి పక్కనుంచి కొత్తగా తెల్లటి కొసలు పొడుచుకొచ్చాయా అని. వచ్చి ఉంటే చేస్తున్నదే చేస్తూ వెళ్ళండి, ఆకు రంగు వచ్చే చిగురుకో ఆపై చిగురుకో తిరుగుతుంది. రాకపోతే 15–30 పొర మట్టిని మళ్ళీ ల్యాబ్‌కి పంపండి, సున్నం ఇంకా అక్కడిదాకా దిగి ఉండదు.